ఆదివారం గుడ్లు

అమ్మ పిండి పీపా మూత మీద కూర్చుంది. లేవడం లేదు.

పొయ్యి రాజేసి చాలాసేపయింది. ఇనప మూకుడు వేడెక్కి ఊరికే కాలుతోంది. మా వదిన ఓర్పా గిన్నె పట్టుకుని అమ్మ ఎదురుగా నిలబడి ఉంది. నేను గుమ్మానికి ఆనుకుని ఇద్దర్నీ చూస్తున్నాను.

"అత్తయ్యా, కాస్త లేవండి. పిండి తీసుకోవాలి."

"లేవను."

"రొట్టె కాల్చొద్దా మరి?"

"వద్దు. ఇవాళ ఉపవాసం."

"మీరుండండి ఉపవాసం. డెల్ఫీ ఏం పాపం చేసిందని?"

"అన్నీ చూస్తూ నోరు మూసుకుంది. అంతకంటే పాపం ఏముంది?"

నేను కళ్ళు దించుకున్నాను. వదిన గిన్నెని బల్ల మీద బోర్లించింది. మా ఇంట్లో గిన్నెలూ పళ్ళేలూ అన్నీ బోర్లించే ఉంటాయి. తినబోయే క్షణం వరకు తిప్పం. తిప్పితే దుమ్ము మాకంటే ముందు వడ్డించుకుంటుంది. కిటికీకి కట్టిన తడి దుప్పటి అప్పుడే ఎర్రబడింది. ఇంకో గంటకి దాన్ని పిండితే బురద కారుతుంది.

నిన్న చర్చి మెట్ల మీద హెట్టీ క్రూమ్ ఆ మాట అనకపోయి ఉంటే ఈ పాటికి మేం రొట్టె తిని ఉండేవాళ్ళం.

"కెటూరా, నీ పీపా సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది," అంది హెట్టీ, అందరూ వింటుండగా. "కోళ్ళే పాపం. ఈ ఎండాకాలమంతా ఆదివారం పూట ఒక్క గుడ్డూ పెట్టలేదటగా! మీ కోడలు చెప్పింది."

అమ్మ నవ్వి, అవునంది. ఆ నవ్వు ముఖం మీద అలాగే ఉంచుకుని ఇంటిదాకా నడిచింది. రాత్రి ఏమీ తినలేదు. పడుకోబోయే ముందు నా వైపు చూసి "నీకు తెలుసా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ఆమెకి అదే జవాబైంది.

మా ఊళ్ళో ఆదివారం పెట్టిన గుడ్లు ఇంటివాళ్ళవి కావు, దేవుడివి. చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళు ఎప్పటినుంచో పాటిస్తున్న పద్ధతి. సోమవారం పొద్దున్నే అవన్నీ హెట్టీ ఇంటికి చేరాలి. ఆవిడ వాటిని పట్నం పంపించి, వచ్చిన డబ్బు చర్చికి జమ చేస్తుంది. ఈ ఏడాది పైకప్పు కోసం. వసంతంలో వచ్చిన దుమ్ముగాలి సగం పైకప్పుని ఎత్తుకుపోయింది.

ప్రతి ఆదివారం ఆ గుడ్లని అమ్మ తన చేత్తో తీస్తుంది. నీలం గుడ్డ పరిచిన బుట్టలో ఒక్కొక్కటే పెడుతుంది, నిద్రపోతున్న పసిపిల్లల్ని పెట్టినట్టు. చలికాలం నుంచి ఆమె మోకాలు పట్టేసింది. అందుకని హెట్టీ ఇంటికి బుట్ట తీసుకెళ్ళే పని వదినకి అప్పగించింది.

మరి హెట్టీకి గుడ్లు చేరలేదంటే, చేరింది ఎక్కడికి?

అది ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. సోమవారం పొద్దున్నే నాలుగు దారుల దగ్గర టాల్బర్ట్ కొట్టు బండి ఆగుతుంది. ఉప్పు, కిరసనాయిలు, దారం, మొక్కజొన్న పిండి, అన్నీ దాంట్లోనే. గుడ్లిచ్చినా తీసుకుంటాడు, కోడినిచ్చినా తీసుకుంటాడు.

"దొంగతనం చేశావు," అంది అమ్మ.

"చేశాను."

"ఎవరి సొమ్ము?"

"దేవుడిది."

"ఆ మాట ఎంత తేలిగ్గా అంటున్నావే!"

"బరువుగా అంటే గుడ్లు తిరిగొస్తాయా?" వదిన గొంతు మెల్లగానే ఉంది. "దావీదు ఆకలేసి గుళ్ళో దేవుడి ముందు పెట్టిన రొట్టెలు తిన్నాడు. ఆయన్నెవరూ దొంగ అనలేదే!"

"దావీదు రాజు."

"అప్పటికింకా కాలేదు అత్తయ్యా. ఆకలేసి పారిపోతున్న మనిషి, అంతే."

"నాకే చెబుతున్నావా బైబిలు?"

"మీరు నేర్పిందే."

అమ్మ పెదాలు బిగించింది. అది నిజం. పెళ్ళై ఈ ఇంటికొచ్చేనాటికి వదినకి పాటలే తప్ప బైబిలు కథలు పెద్దగా తెలియవు. మా అమ్మకి బైబిలు తప్ప వేరే లోకం తెలియదు. మా కోళ్ళ పేర్లు లేయా, రాహేలు. పుంజు పేరు ఫరో, దాని గుండె ఎప్పటికీ కరగదు కాబట్టి. పక్కటెముకలు బయటపడ్డ మా ఆవుని చూసినప్పుడల్లా "ఫరో రాజు కల్లో నది గట్టు మీద నిలబడ్డ ఆవులు ఇలాగే ఉండేవి కాబోలు" అంటుంది. ఏ కష్టం వచ్చినా అది ఆ పుస్తకంలో ఎక్కడుందో వెతుక్కుంటుంది. దొరికితే ఆ కష్టం సగం తగ్గిపోతుంది ఆమెకి.

మా అన్నయ్య లోంజో ఊపిరితిత్తుల్లో దుమ్ము పట్టి చనిపోయినప్పుడు మాత్రం వెతకలేదు. పుస్తకం మూసి పెట్టేసింది. మళ్ళీ తెరిచింది పీపా వల్లనే.

ఆ సంగతి నాకు బాగా తెలుసు. రాత్రి పీపా మూసేముందు అమ్మ పిండి మీద వేలితో సిలువ గీస్తుంది, పురుగు పట్టకుండా, ఆశీర్వాదం పోకుండా. ఎండాకాలం మొదట్లో ఒకరోజు మూత తీసి చూసి అలా నిలబడిపోయింది. సిలువ సిలువలాగే ఉంది. పిండి మాత్రం ముందటి కంటే పైకి ఉంది.

అమ్మ ఆవు దగ్గర ఉన్నప్పుడు వదిన పిండి పోయడం, అరచేత్తో చదును చెయ్యడం, మళ్ళీ సిలువ గీయడం నేను చూశాను. అమ్మ గీసే సిలువలో అడ్డగీత కుడివైపు కాస్త పైకి వాలుతుంది. వదిన నాలుక బయటపెట్టి, బళ్ళో చిన్నపిల్ల అక్షరం దిద్దుతున్నట్టు, దాన్ని అలాగే వాల్చి గీసింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను ఆవు పాల చెంబు తీసుకుని బయటికి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత అమ్మ పుస్తకం తెరిచింది. సారెపతు ఊళ్ళో విధవరాలి కథ దగ్గర వేలు పెట్టింది. కరువు రోజుల్లో ఏలీయా ప్రవక్త ఆ విధవరాలి ఇంటికి వచ్చి రొట్టె అడిగాడు. ఆమె దగ్గరున్నది చివరి పిడికెడు పిండి. అయినా ముందు అతనికే పెట్టింది. ఆ తర్వాత వానలు పడేదాకా ఆమె తొట్టిలో పిండి తరగలేదు.

పోయిన నెల చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ అమ్మ లేచి నిలబడింది. "సారెపతు మన ఊళ్ళోనే ఉంది. నేనే ఆ విధవరాల్ని," అని చెప్పింది. ఎన్నాళ్ళుగానో నోరు పెగలని జనం ఆవేళ సగం పైకప్పు లేని ఆ చర్చిలో ఆకాశానికి వినబడేలా పాడారు.

"నన్ను సభలో నిలబెట్టి అబద్ధం ఆడించావు," అంది అమ్మ ఇప్పుడు. అసలు బాధ అప్పటికి బయటికొచ్చింది. "గుడ్లు పోతే పోయాయి. నా నోటితో, దేవుడి పేరు పెట్టి అబద్ధం!"

"నిలబడమని నేనన్నానా? మీరు లేస్తుంటే గౌను పట్టి లాగాను. విదిలించుకున్నారు."

"దోమేమో అనుకున్నా."

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. వదిన కూడా ఆపుకుంది. అమ్మ మాత్రం నవ్వలేదు.

"ఆ వేళే ఇంటికొచ్చి చెప్పొచ్చుగా?"

వదిన మూకుడుని పొయ్యి మీంచి పక్కకి లాగింది.

"ఆ రాత్రి మీరు నిద్రపోయారు అత్తయ్యా," అంది. "ఆయన పోయాక మీరు నిద్రపోయింది ఆ రాత్రే. గురక కూడా పెట్టారు. ఎలా చెప్పను?"

 బయట బండి కింద సుత్తి చప్పుడు వినబడుతోంది.

అది బర్ల్, వదిన వాళ్ళన్నయ్య. శనివారం పాత లారీ వేసుకుని వచ్చాడు. కాలిఫోర్నియా తోటల్లో పళ్ళు కోసే పని ఉందట. చెల్లెల్ని తీసుకెళ్తానన్నాడు. ఎండ తగ్గాక, సాయంత్రం బయల్దేరాలి. బండి నిండా సామాను. ముందు సీట్లో ఒక్క మనిషికి చోటు.

అమ్మని రమ్మని ఎవరూ అడగలేదు. అన్నయ్య సమాధి చర్చి వెనక మిట్ట మీద ఉంది. వాణ్ణి ఒక్కణ్ణీ వదిలి ఈ ఊరు దాటనని అమ్మ వసంతంలోనే చెప్పేసింది. దాని గురించి మళ్ళీ మాటల్లేవు.

బర్ల్ గుమ్మంలోకి తల పెట్టాడు. ముఖమంతా గ్రీజు.

"చెల్లీ, నా పిండి సంచి చూశావా? దారికని తెచ్చుకున్నా. బండంతా గాలించినా కనబళ్ళేదు."

"చూడలేదు," అంది వదిన, అతని వైపు తిరక్కుండా.

బర్ల్ పీపా మీదున్న అమ్మని చూశాడు. చల్లారిన మూకుడుని చూశాడు. తెలివైనవాడు. తల వెనక్కి తీసుకున్నాడు.

"వెళ్ళు," అంది అమ్మ. "సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే వెళ్ళు. నీ పేరులోనే ఉంది పోవడం. నయోమికి ఇద్దరు కోడళ్ళు. రూతు పట్టుకుని వదల్లేదు. ఓర్పా ఓ ముద్దు పెట్టి, నాలుగు కన్నీళ్ళు కార్చి, పుట్టింటి దారి పట్టింది. మీ నాన్న పేరు పెట్టేటప్పుడు చదివే పెట్టాడా, లేక కళ్ళు మూసుకుని పేజీ మీద వేలు పెట్టాడా?"

"వేలే పెట్టాడు. మా ఇంట్లో అందరికీ అలాగే పెట్టారు. మా అన్నయ్యకి నెబుకద్నెజరు వచ్చిందట. అమ్మ ఏడ్చి గోల చేస్తే బర్ల్ అన్నారు."

ఈసారి నేను ఆపుకోలేకపోయాను. అమ్మ నా వైపు ఉరిమి చూసింది. కానీ ఆమె గడ్డం కూడా ఒకసారి కదిలింది.

అప్పుడే గుమ్మం బయట చెప్పుల దుమ్ము దులుపుకుంటున్న చప్పుడైంది.

"కెటూరా! ఉన్నావా?"

హెట్టీ క్రూమ్. సమాజానికి పెద్ద. ఎప్పుడూ గంజి పెట్టిన కాలరుతో, చర్చి గంట స్తంభంలాగా నిటారుగా ఉండే మనిషి. ఇవాళా కాలరు ఉంది. ఏప్రాన్ కింద ఏదో పట్టుకుని లోపలికొచ్చింది.

"కూర్చో," అంది అమ్మ, తను లేవకుండానే.

"కూర్చోడానికి రాలేదు. ఒక్క పిడికెడు..." హెట్టీ గొంతు సవరించుకుంది. "నీ పీపాలోంచి ఒక్క పిడికెడు పిండి పెడతావేమోనని. దీవెన ఉన్న పిండి కదా, మాదాంట్లో కలుపుకుంటే..."

"కలుపుకుంటే?"

"మాదీ పెరుగుతుందేమోనని."

ఏప్రాన్ కింద ఉన్నది పిడికెడు పట్టే టీ కప్పు కాదు. వంటకొవ్వు ఖాళీ డబ్బా, పెద్దది. దాని అంచు కిందనుంచి కనబడుతోంది. దాన్ని పట్టుకున్న చేతికి పెళ్ళి ఉంగరం ఉంది. ఉంగరం జారిపోకుండా లోపలివైపు దారం చుట్టి ఉంది, చాలా చుట్లు.

నేను చూశాను. అమ్మా చూసింది.

అమ్మ మోకాలు పట్టుకుని మెల్లగా లేచింది. పొద్దుట్నుంచి మేం ఎంత బతిమాలినా లేవని మనిషి. మూత తీసింది. లోపలికి చూసి అలాగే వంగి ఉండిపోయింది.

పిండి పీపా అంచుకి జానెడు దిగువ దాకా ఉంది. పైన సిలువ.

"ఓర్పా, ఇది నేను గీసిందా, నువ్వు గీసిందా?"

"నేను."

"అడ్డగీత బాగానే వాల్చావు." అమ్మ తల ఎత్తలేదు. "శనివారం నేను మూసినప్పుడు అడుగున ఉంది. ఈ వారం గుడ్లు ఇంకా బుట్టలోనే ఉన్నాయి. ఇదెక్కడిది?"

 జవాబు కిటికీ అవతలినుంచి వచ్చింది.

"అది నాది!" అన్నాడు బర్ల్. "నా సంచి! ఓర్పా, దారిలో ఏం తింటామే?"

"నువ్వు పళ్ళు కోయడానికేగా వెళ్తున్నావు, పళ్ళు తిను," అంది వదిన. తర్వాత అమ్మతో మెల్లగా, "నేను వెళ్ళాక కొన్నాళ్ళయినా సరిపోతుందని," అంది.

అమ్మ గరిట తీసుకుంది. తీసుకుని, ఆగింది. హెట్టీ వైపు తిరిగింది.

"హెట్టీ, ఇందులో దీవెన లేదు. మా కోడలు ఆదివారం గుడ్లు టాల్బర్ట్‌కిచ్చి పిండి తెచ్చి నింపింది. నాకు నిన్నటిదాకా తెలియదు. వచ్చే ఆదివారం సభలో లేచి నేనే చెబుతా. ఇప్పుడు తెలిసింది కాబట్టి, తీసుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం."

ఆ మాటలు చెప్పడానికి అమ్మ ఎంత కిందికి దిగిందో నాకు తెలుసు. ఆమె మెడ ఎర్రబడింది. హెట్టీ ముందు మా అమ్మ ఎప్పుడూ తగ్గలేదు, చిన్నప్పుడు బళ్ళో కూడా.

హెట్టీ అప్పుడు కూర్చుంది. డబ్బా ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"టాల్బర్ట్ నోట్లో ఏమాగుతుంది? నాకు ఎప్పుడో చెప్పాడు."

"మరి నిన్న మెట్ల మీద ఏమీ ఎరగనట్టు..."

"నీకు తెలియాలనే అన్నాను. ఈ పిల్లని లారీ ఎక్కించి పంపేస్తున్నావని ఊరంతా చెప్పుకుంటోంది. పీపా నింపుతున్నది ఎవరో తెలియకుండా పంపేస్తావా? తెలిశాక పంపుతావో లేదో నీ ఇష్టం."



"మరి సమాజం? పైకప్పు? నా గుడ్లు రాలేదని ఒక్కసారైనా అడగలేదే నువ్వు?"

"ఎవర్నని అడగను?" హెట్టీ కాలరు సర్దుకుంది. "ఏ ఇంటికెళ్ళినా ఒకటే మాట. వారమంతా పెడతాయట, ఆదివారం మాత్రం పెట్టవట. ఈ ఊరి కోళ్ళన్నిటికీ భక్తి ముదిరింది కెటూరా. విశ్రాంతి దినం పాటిస్తున్నాయి."



"నీ కోళ్ళో?" అని అడిగింది అమ్మ.

"నావా? నావి మరీ భక్తి. శనివారం సాయంత్రం నుంచే మోకరిస్తాయి."

ముందు నవ్వింది వదిన. ఆ తర్వాత హెట్టీ. అమ్మ ఆపుకోవాలని చూసింది. గరిట చేతిలో పట్టుకుని, పీపాకి ఆనుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది, దగ్గులో దుమ్ము వచ్చింది. హెట్టీ లేచి ఆమె వీపు రాసింది. ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళున్నాయి. అవి నవ్వు వల్ల వచ్చినవే అనుకున్నాం అందరం.

అమ్మ డబ్బా అందుకుని నిండా పోసింది. పైన చేత్తో అదిమి మళ్ళీ పోసింది. బర్ల్ కిటికీ దగ్గర మూలిగాడు. అమ్మ వినిపించుకోలేదు.

హెట్టీ గుమ్మం దాటుతూ ఆగింది. "సభలో చెప్పకు కెటూరా. ఆవేళ నువ్వు చెప్పాకే జనం మళ్ళీ పాడారు."

"అబద్ధం మీద పాడిన పాట."

"ఏమో. పీపా నిండడమైతే నిండింది కదా. దేవుడు కాకుల చేత రొట్టెలు పంపలేదా ఏలీయాకి? కాకులు మాత్రం ఎక్కడో ఓ చోట ఎత్తుకొచ్చే ఉంటాయి."

ఆమె వెళ్ళాక వదిన మూకుడు మళ్ళీ పొయ్యి మీదకి జరిపింది. రొట్టె కాల్చింది. పళ్ళేలు తిప్పి తిన్నాం. అమ్మ రొట్టె ముక్క చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది.

"తప్పు చదివాను," అంది.

"ఏమిటి?"

"సారెపతు కథ. నేనే విధవరాల్ని అనుకున్నా. విధవరాలు పిండి పిసికింది, కట్టెలు ఏరింది, ఉన్నదాంట్లోంచి ముందు ఎదుటి మనిషికి పెట్టింది. నేనేం చేశాను? కూర్చున్నాను, తిన్నాను, నిద్రపోయాను." ముక్క నోట్లో పెట్టుకుంది. "నేను ప్రవక్తనే. విధవరాలివి నువ్వు."

వదిన మొహం పొయ్యి వైపు తిప్పుకుంది.

"మరి పద," అంది అమ్మ. ఎవరితోనో అర్థం కాలేదు. లేచి బయటికి నడిచింది. "బర్ల్! పీపా ఎక్కించు."

"ఏ పీపా?"

"ఎన్నున్నాయి ఇంట్లో? నీ పిండేగా, నీ బండిలోనే వస్తుంది. దాని మీద నేను కూర్చుంటా. డెల్ఫీని, చెల్లెల్ని ముందు కూర్చోబెట్టుకో, ఇరుకైనా సర్దుకుంటారు."

బర్ల్ నా వైపు చూశాడు, నేనేదైనా చెబుతానేమోనని. తర్వాత టైర్ల వైపు చూశాడు. వాటి మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి, గుండు చేసిన తలల్లా ఉన్నాయి.

"అత్తయ్యగారూ, ఇంకో ఇద్దర్నీ, పీపానీ మోస్తే టైర్లు ఎడారి దాకా కూడా రావు."

"ఆ ఇనప మంచం ఎవరిది?"

"నాదే."

"నేల మీద పడుకోలేవా? యాకోబు రాయి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. ఎంత మంచి కలొచ్చింది!"

బర్ల్ కాసేపు బుర్ర గోక్కున్నాడు. ఏమనుకున్నాడో, తాళ్ళు విప్పి మంచం దించేశాడు. అది మా వాకిట్లో ఒంటరిగా నిలబడింది. పీపాని బర్ల్, నేను కలిసి ఎక్కించాం. అమ్మ లేయాని, రాహేలుని సంచిలో పెట్టి నా చేత హెట్టీ ఇంటికి పంపింది. "ఏ రోజు పెడితే ఆ రోజు తినమను," అని కబురు చెప్పమంది. ఫరోని, ఆవుని కూడా వాళ్ళ దొడ్లోనే వదిలొచ్చాను. ఫరో నా వేలు పొడిచింది.

తిరిగొచ్చేసరికి అమ్మ లారీలో పీపా మూత మీద కూర్చుని ఉంది. పొద్దున కూర్చున్నట్టే, చేతులు కట్టుకుని. ఒళ్ళో పుస్తకం. టోపీ తాడు గడ్డం కింద గట్టిగా ముడివేసుకుంది.

వదిన చక్రం దగ్గర నిలబడి తలెత్తి చూస్తోంది.

"దిగండి అత్తయ్యా. మీరు రాలేరు."

"ఎందుకు రాలేను? కథలో ఓర్పా వెళ్ళిపోయిందని ఉంది. నయోమి ఆమె వెనక పడకూడదని ఎక్కడా లేదు."

"మరి ఆయన?"

ఆ మాటకి అంతా ఆగింది. బర్ల్ సుత్తి కూడా. అమ్మ మిట్ట వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి మెడ బిగబట్టుకుంది.

"వాడెక్కడికీ పోడు," అంది. "నువ్వు పోతావు."

వదిన ఇంట్లోకి వెళ్ళిపోయింది. మూట తెచ్చుకోవడానికే అనుకున్నాడు బర్ల్. ఇంజను స్టార్టు చేశాడు. నేను ఆమె వెనకాలే వెళ్ళాను.

వదిన వంటింట్లో, పీపా ఉండే చోట, నేల మీద మిగిలిన గుండ్రటి మచ్చ పక్కన నిలబడి ఉంది. ఆ ఒక్క చోటే దుమ్ము లేదు.

"అన్నయ్యకి రమ్మని కబురు పెట్టింది నేనే డెల్ఫీ," అంది.

నేను ఆమె వైపే చూస్తున్నాను.

"వెళ్ళాలని కాదు. ఆయన్ని ఆ మిట్ట మీద వదిలి నేను మాత్రం ఎక్కడికి వెళ్తాను? కోళ్ళు నిజంగానే గుడ్లు తగ్గించేశాయి. ముగ్గురికి చాలడం లేదు. ఒక నోరు తగ్గితే మీ ఇద్దరూ ఎలాగో గట్టెక్కుతారని. అత్తయ్య వెళ్ళు వెళ్ళు అన్నకొద్దీ నాకు పని సులువైంది." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడు చూడు. నా కోసం కొడుకుని వదిలి వస్తున్నారు, నేనేమో ఆవిడ కోసం మొగుణ్ణి వదిలి వెళ్తున్నాను. నిజం చెబితే దిగిపోతారు. దిగితే ఇక్కడ ఏముంది? కోళ్ళు లేవు, పిండి అన్నయ్యది. చెప్పకపోతే అక్కడ ప్రతి రాత్రీ ఆవిడ నిద్ర లేకుండా పడుకోవడం నేను చూడాలి."

బయట హారను మోగింది.

"నువ్వెవరికీ చెప్పవుగా," అంది వదిన. అడిగినట్టు లేదు. నా సంగతి ఆమెకి తెలుసు. ఇంట్లో అందరికీ తెలుసు.

నేను బయటికొచ్చాను. గాలి మొదలైంది. పడమటి ఆకాశం అంచు ఇటుక రంగుకి తిరుగుతోంది.

"ఏమందే అది?" అని అరిచింది అమ్మ ఇంజను చప్పుడు మీదుగా. "వస్తోందా?"

అమ్మ కళ్ళు నా మీదే ఉన్నాయి. రాత్రి నేను మాట్లాడకపోతేనే ఆమెకి జవాబు దొరికింది. ఇప్పుడు మాట్లాడకపోతే దొరికేది తప్పు జవాబు.

చక్రం మీద కాలు పెట్టి పైకెక్కాను. పీపా మూత మీద, అమ్మ పక్కన, కొంచెం చోటుంది. అక్కడ కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళ సందుల్లో ఇంకా పిండి ఉంది.

"అమ్మా," అన్నాను. "ఇంజను ఆపమను."